మూడు చుట్లు

ఆ ఊళ్లో ఆడవాళ్లు జీడితోటలోకి అడుగుపెట్టే ముందు ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టి నెలన్నర అయింది. అంతకు ముందు డబ్బాలు కొట్టేవారు. ఖాళీ నూనె డబ్బాల మీద కర్రలతో బాదుకుంటూ, నోటికొచ్చిన పాట పాడుకుంటూ గుంపుగా వెళ్లేవారు. ఏప్రిల్ జీడిపళ్లు ముగ్గి రాలే కాలం. రాత్రంతా ఎలుగుబంట్లు ఆ పళ్లు తిని, తెల్లారేసరికి తోట అవతలి మొగలి డొంకల్లోకి పోవాలి. ఒక్కోరోజు పోవు. అలా పోని ఒక పొద్దున్నే రెండేళ్ల కిందట బైరాగి అనే అతనికి ఎదురుపడింది ఒకటి. బైరాగి బతికాడు. ఇప్పటికీ టీ తాగాలంటే గోడ వైపు తిరిగి తాగుతాడు, బుగ్గలోంచి కారేది ఎవరికీ కనపడకుండా.

బొడ్డమ్మకు డబ్బాలు వినపడవు. విషజ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమెకు చెవులు పోయాయి. మిగతావాళ్లు 'ఎలుగు' అని అరిచి పరిగెత్తితే, ఆమె వెనక వంగి గింజలు ఏరుకుంటూనే ఉంటుంది. ఒకసారి అలాగే జరిగింది. ఆ రోజు వచ్చింది ఎలుగు కాదు, ఊరి గేదె. అయినా ఆ సాయంత్రం కూతురు శ్రావణికి అన్నం సహించలేదు.

శ్రావణి టెక్కలిలో డిప్లొమా చదివింది. పలాసలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. గేదె వచ్చిన వారం నుంచే తెల్లటి ఫోమ్ షీట్లు కోసి, అతికించి, మీటరు రెక్కలున్న చిన్న విమానం ఒకటి కట్టింది. దాని ముక్కులో కెమెరా పెట్టింది. ఎగరడం తొందరగానే ఎగిరింది. మాట వినడమే కష్టమైంది. మొదట కొన్న రిమోటు కొబ్బరితోటలు దాటేసరికి చేతులెత్తేసేది. పచ్చి మట్టలన్నీ ఆ అలల్ని తాగేసేవి. నాలుగు నెలలు వెతికి, చదివి, ఇంకో రకం రేడియో తెప్పించింది. ఇది మెల్లగా మాట్లాడుతుంది, దూరం మాట్లాడుతుంది. దాని యాంటెన్నాని సముద్రం ఒడ్డునున్న తుపాను షెల్టర్ డాబా మీద వెదురుగడకు కట్టింది. అక్కడి నుంచి తోట మూడు కిలోమీటర్లు. రిమోటు తెర మీద ఒక అంకె కనపడుతుంది. తను పంపిన మాటల్లో వందకి ఎన్ని విమానానికి చేరాయో ఆ అంకె. ఆమె నెలన్నరగా దాన్ని, మంచం మీదున్నవాళ్ల నాడి చూసినట్టు చూస్తోంది.

తోటలో ఫోన్లు సరిగ్గా పనిచేయవు. పనిచేసినా బొడ్డమ్మకు వినపడదు. అందుకని గుర్తులు పెట్టుకున్నారు. ఎలుగులు డొంకల్లోకి దాటిపోవడం చూశాక, విమానాన్ని తోట మొగదల మూడు చుట్లు తిప్పుతుంది. అంటే లోపలికి వెళ్లొచ్చు. చుట్టు తిరగకుండా సూటిగా పైనుంచి పోతే వెళ్లకూడదు, ఉంటే బయటికొచ్చేయాలి. ఇది అందరికంటే ముందు అర్థమైంది బొడ్డమ్మకే. ఈ నెలన్నరలో డబ్బాలు ఎవరిళ్లలో వాళ్లు బియ్యానికీ పప్పులకీ వాడేసుకున్నారు.

ఆ రోజు శుక్రవారం. ఇంకా పొద్దు పొడవలేదు. బొడ్డమ్మతో కలిపి ఆడవాళ్లు ఐదుగురూ అప్పటికే తోట దారి పట్టారు. శ్రావణి డాబా మీద విమానానికి బ్యాటరీ పెడుతుంటే పాండు మెట్లెక్కి వచ్చాడు. ఆ ఐదుగురిలో ఉన్న మేనత్త ముసలమ్మ కొడుకు. పూండి స్టేషన్‌కి ఆటో తోలుతాడు.

"ఏటే పైలట్టమ్మా, ఇయ్యాల కూడా కిష్ణారావు మావ సెట్టుకి కొబ్బరికాయ కొడతావేటి?"

ఆదివారం రిమోటుకీ విమానానికీ మధ్య లింక్ తెగి, విమానం ఇంటిదారి పట్టి, కృష్ణారావు కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుంది. దించేసరికి ఒక రెక్క లేదు. ఊరంతా నవ్వుకున్నారు.

"ఇంక కొట్టదు బావా. రాత్రి మార్చీసినాను."

"ఏటి మార్చినావు?"

"లింక్ తెగిపోతే ఏటి సెయ్యాలో దానికి ముందే సెప్పి ఉంచాలి. ఇదివరకైతే తిన్నగా ఇంటికొచ్చీమన్నాను. దారిలో సెట్టుందో గుట్టుందో దానికి తెల్దు గదా. ఇప్పుడైతే తెగిన కాడే ఉంటాది. పైపైకి ఎల్తాది. లింక్ అందితే మల్లీ నా మాట ఇంటాది. అందకపోతే అప్పుడొస్తాది, ఎత్తుగా."

"నాకంటే నయం. నాను తెగితే ఎక్కడికి పోవాలో నాకెవులూ సెప్పలేదు," అన్నాడు పాండు, పిట్టగోడ మీద కూర్చుని బీడీ ముట్టిస్తూ.

శ్రావణి విమానాన్ని గాలికి ఎదురుగా విసిరింది. అది ఒక్కసారి కిందికి జారి, తేరుకుని, కొబ్బరి తలలు దాటి పడమటికి పోయింది.

అంకె వంద. తొంభై ఎనిమిది. వంద.

తెర మీద తోట వచ్చింది. బూడిదరంగు ఆకుల గుబుర్లు, మధ్యమధ్య ఇసుక బాటలు. ఆమెకు ఆ బాటలన్నీ తెలుసు. ఏ బాట మీంచి ఎలుగులు దాటతాయో కూడా తెలుసు. తోట చివర, ఇసుక వెలిసిపోయినట్టుండే ఖాళీ జాగా ఒకటుంది. దాని పక్కన ముసలి పనసచెట్టు. ఈ ఏడు అక్కడ తిరుగుతున్నది ఒక తల్లి, రెండు పిల్లలు. రోజూ పిల్లలు తల్లి వీపు మీద ఉండేవి. ఈ మధ్య బరువెక్కాయేమో, దిగి నడుస్తున్నాయి.

తల్లి బయటికొచ్చింది. తల కిందికి వేలాడేసుకుని, ఎవరి మీదో విసుగున్నట్టు నడిచింది. వెనకే ఒక పిల్ల. రెండూ ఖాళీ జాగా దాటి మొగలి డొంకల్లో దూరాయి.

శ్రావణి రెండో పిల్ల కోసం చూసింది.

అంకె డెబ్బై. ఆమె ముఖం చిట్లించింది. ఈ దూరంలో డెబ్బైకి ఎప్పుడూ పడలేదు. నలభై. తెర మీద బొమ్మ చారలు కట్టింది. రెండో పిల్ల రాలేదు. పనసచెట్టు మొదట్లో నల్లగా ఏదో ఉన్నట్టే ఉంది. పదకొండు. తెర తెల్లబోయింది.

సున్నా.

"ఏటయింది?" అన్నాడు పాండు.

"తెగింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పర్లేదు. అక్కడే తిరుగుతా ఉంటాది."

"అక్కడే తిరగడమంటే? రెక్కలున్నది ఒక్క కాడ నిలబడనేదు గదా. గుండ్రంగా తిరుగుతాదేటి?"

"మరి గుండ్రంగానే గదా..."

ఆ మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది. పాండు ఆమె ముఖం చూసి బీడీ పారేశాడు.

తోట మొగదల ఐదుగురు తలలెత్తి నిలబడి ఉంటారు. వాళ్లకు అంకె కనపడదు. తోట చివరైనా, అంత ఎత్తున తిరిగే విమానం కనపడుతుంది. అది ఒక చుట్టు తిరుగుతుంది. రెండు. మూడు. రాత్రి మంచం మీద కూర్చుని ఫోన్లో ఆ సంగతి మారుస్తున్నప్పుడు ఆమెకు విమానం గుర్తొచ్చింది, విరిగిన రెక్క గుర్తొచ్చింది, ఊరి నవ్వులు గుర్తొచ్చాయి. వాళ్లు గుర్తు రాలేదు.

పిల్ల ఇవతలే ఉండిపోయింది. దానికోసం తల్లి వెనక్కి రాకుండా ఉండదు.

ముసలమ్మకు ఫోన్ చేసింది. రింగయింది. అయి అయి ఆగిపోయింది. ముసలమ్మ తన బటన్ ఫోన్ని అన్నం కేరేజీ సంచిలో పెట్టి కంచెకు తగిలిస్తుందని శ్రావణికి తెలుసు. మళ్లీ చేసింది. పాండు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆమె వెదురుగడ దగ్గరికి పరిగెత్తి వైరు కదిపింది. యాంటెన్నా కలిసే చోట పచ్చగా చిలుము. ఉప్పుగాలి నెలన్నరలో ఇత్తడిని తినేసింది. గోటితో గీకింది. మూడు అని వచ్చి, మళ్లీ సున్నా. ఇక్కడ కూర్చుని గీకితే వస్తుందో రాదో. ఆమె ఆ వైరు ఊడదీసి, రిమోటుతో పాటు వచ్చిన వేలెడు చిన్న యాంటెన్నా బిగించింది. అది దూరం అందుకోలేదు. దగ్గరికి వెళ్తే అందుకుంటుంది. రిమోటు మెడలో వేసుకుని దిగింది.

ఆటో ఇసుక బాట మీద ఎగిరెగిరి పడుతోంది. పాండు హ్యాండిల్ మీదికి వంగి తోలుతున్నాడు. తోటలో ఉన్నవాళ్లలో అతని తల్లి కూడా ఉంది. తల తిప్పకుండా అన్నాడు. "మాయమ్మ డబ్బా కొట్టుకునే ఎల్లీది. నువ్వే మానిపించినావు."

"నాను మానమనలేదు బావా."

"కొట్టమని కూడా అనలేదు."

శ్రావణి చిన్న యాంటెన్నా ఇంకాస్త బిగించింది. తెర వైపే చూస్తోంది. సున్నా. కొబ్బరి మట్టల సందుల్లోంచి అప్పుడే ఎండ పడుతోంది. ఒక మలుపులో విమానం కనపడింది. ఎక్కడో పైన, తెల్లగా, చిన్నగా, ఎంతో నెమ్మదిగా చుట్లు తిరుగుతోంది. ఎన్నో చుట్టో లెక్కలేదు. తను చెప్పింది చెప్పినట్టు చేస్తోంది.

"బేగి పోనీ బావా."

"ఇంతకన్నా బేగి పోతే బోల్తా కొడతాం."

ఏడు. ఇరవై రెండు. ఏడు.

కంచె దగ్గర ఐదు కేరేజీలు వరసగా వేలాడుతున్నాయి. మనుషులు లేరు. పాండు హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు. శ్రావణి గొంతు చించుకుని అరిచింది. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలియదు.

మొదట కళ్యాణి వచ్చింది. కంచిలి నుంచి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. కొంగు ముళ్లకు చిక్కి చిరిగినా చూసుకోకుండా వచ్చింది. వెనక ఇద్దరు. ఆ తర్వాత ముసలమ్మ, గంప నెత్తిన పెట్టుకుని తిట్టుకుంటూ.

"ఏట్రా ఆ హారను, పెల్లోరి బస్సు లాగ? ఎలుగు రాపోయినా నీ హారనుకే సచ్చీలాగున్నాం."

"అమ్మేదత్తా?"

ముసలమ్మ వెనక్కి చూసింది. "పనస సెట్టు కాడ గింజలు బాగా రాలినాయని... ముందే ఎల్లింది."

పాండు లోపలికి పోబోయాడు. ముసలమ్మ అతని చొక్కా పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు. మళ్లీ పట్టుకుంది, ఈసారి రెండు చేతులా.

శ్రావణి తెర వైపు చూసింది. అరవై ఎనిమిది. ఎనభై. బొమ్మ వచ్చింది.

విమానం ఇప్పుడు తన చేతిలో ఉంది. ఆమె దాన్ని కిందికి దించింది. బూడిదరంగు గుబుర్లు పైకి లేచి వచ్చాయి. ఖాళీ జాగా. దాని ఇవతలి అంచున నీలం చీర, వంగి ఉన్న వీపు. అమ్మ. ఆమెకు పది పదిహేను అడుగుల్లో పనసచెట్టు మొదట్లో, నల్లగా, గుండ్రంగా. పిల్ల. మొగలి డొంకలు కదులుతున్నాయి.

పిలిస్తే వినపడదు. పైనుంచి చెప్పడం ఒక్కటే దారి. శ్రావణి విమానాన్ని సూటిగా అమ్మ మీదుగా పోనిచ్చింది, గీత గీసినట్టు. నీడ ఆమె ముందు ఇసుక మీంచి పోయింది. బొడ్డమ్మ తలెత్తింది. అంతవరకు తెర మీద కనిపించి వెనక్కి పోయింది.

ఇప్పుడు వెనక్కి తిప్పాలి. తిప్పితే చుట్టులా కనపడుతుంది. చుట్టంటే అమ్మకు ఇంకో అర్థం ఉంది. శ్రావణి పళ్లు బిగబట్టి విమానాన్ని తోట దాటించి, కొబ్బరిచెట్ల అవతలికి, అమ్మకు కనపడనంత దూరం పోనిచ్చి అక్కడ తిప్పింది. అంకె యాభైకి పడింది. ఆ దూరం పోయి రావడానికి పట్టినంత సేపూ ఖాళీ జాగాలో ఏం జరుగుతోందో ఆమె చూడలేదు. ముసలమ్మ పక్కన నిలబడి ఏదో మొక్కుకుంటోంది. ఏ దేవతకో కూడా తేలడం లేదు, అన్ని పేర్లూ కలిసిపోతున్నాయి.

మళ్లీ ఖాళీ జాగా వచ్చింది. బొడ్డమ్మ లేచి నిలబడి ఉంది. కదలడం లేదు. ఆమె చూస్తున్నది పైకి కాదు. డొంకల్లోంచి తల్లి ఎలుగు బయటికొచ్చింది. ఇప్పుడు దాని నడకలో విసుగు లేదు.

శ్రావణి రిమోటు మీద బొటనవేలు కిందికి నొక్కేసింది.

ఇసుక పైకి వచ్చింది. ఎలుగు వీపు ఒక్క క్షణం తెర నిండా కనపడింది. తర్వాత బొమ్మ గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఎండుటాకులు. ఒక జీడిపండు, చీమలు పట్టింది. వాటి వెనక ఆకాశం, నిలువుగా.

అంకె వంద. ఇంత బాగా లింక్ నెలన్నరలో ఎప్పుడూ లేదు.

ఆ తెరలోకి ఒక కాలు వచ్చింది. పొడవాటి గోళ్లు, ఇసుక అంటినవి. బొమ్మ ఊగింది. తడిగా ఏదో అడ్డం వచ్చి, చీకటై, మళ్లీ వెలుగొచ్చింది. కాలు లేదు. ఎటు పోయిందో తెలియదు. తెర చూపించేది జానెడు నేల మాత్రమే. శ్రావణి ఆ జానెడు నేలనే చూస్తూ నిలబడింది. చీమలు పండు మీద తిరుగుతున్నాయి. పాండు చొక్కాని ముసలమ్మ ఇంకా వదల్లేదు. కళ్యాణి నోట్లో కొంగు కుక్కుకుంది.

ఎంతసేపో. ఆ తర్వాత ఎడమ పక్క బాట మీద ఎండుటాకుల చప్పుడైంది. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు, శ్రావణి తప్ప.

బొడ్డమ్మ వచ్చింది. పరిగెత్తడం లేదు. గంప కడుపుకు అదుముకుని వెనక్కి చూసుకుంటూ వస్తోంది. కంచె దాటాక గంప దించి, ఇసుకలో కూలబడింది.

"కుక్కపిల్లనుకున్నానే," అంది, చెవులు వినపడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా. "సెట్టు కింద. ఉస్కో అని కూడా అన్నాను. ఇంతలో ఇమానం తిన్నగా పోనాది. ఇదేటి అనుకుని లేచినాను. లేస్తే ఎదురుగా అది. ఇమానం దాని మీద పడ్డాది. దాన్ని కరిసింది, ఇసిరింది, పిల్లని తోసుకుని పోనాది." ఊపిరి తీసుకుంది. కూతురి ముఖంలోకి చూసింది. "మరి ముందు మూడు సుట్లు ఎందుకు తిప్పినావే?"

పాండు, ముసలమ్మ శ్రావణి వైపు తిరిగారు. చెప్పాల్సింది ఎవరో అందరికీ తెలుసు.

పాడైపోయిందని చెప్పొచ్చు. చిలుము నిజమే, చూపించొచ్చు కూడా. ఎవరూ ఇంకేమీ అడగరు. శ్రావణి తల్లి ఎదురుగా కూర్చుని, పెదాలు చదవగలిగేలా మెల్లగా చెప్పింది. "నాను తిప్పలేదమ్మా. లింక్ తెగితే సుట్లు తిరగమని రాత్రి నానే పెట్టినాను. మీకు సెప్పలేదు. నాకు తట్టలేదు."

కళ్యాణి ఆమెకు కొంచెం దూరం జరిగింది. కావాలని జరిగినట్టు లేదు, కాళ్లు వాటంతటవే జరిగినట్టుంది. అదే శ్రావణికి ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం మగవాళ్లు పదిమంది కర్రలతో వెళ్లి విమానాన్ని తెచ్చి బొడ్డమ్మ ఇంటి అరుగు మీద పడేశారు. ముక్కు లేదు. రెక్క మీద పళ్ల గాట్లు. లోపలి బోర్డు మాత్రం బాగానే ఉంది. ఆడవాళ్లు ఐదుగురూ చుట్టూ కూర్చున్నారు. దాన్ని తాకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఇంక కట్టను," అంది శ్రావణి.

"ఎందుకు కట్టవు?" అంది ముసలమ్మ. "జీడికి ఇంకో నెలుంది. డబ్బాలకి ఇనీది అందరూ ఇంటారు, మీయమ్మ ఇనదు. ఆ తెగిపోయీది మల్లీ తెగుతాదా?"

"తెగుతాదత్తా. సిలుము కాకపోతే ఇంకోటి. ఎప్పటికీ తెగనిది ఉండదు."

"తెగితే ఏటి సెయ్యాలో నువ్వే దానికి పెట్టినావన్నావు గదా. ఏటేటి అడగతాది? మాకూ సూపించు."

శ్రావణి బోర్డుకు వైరు తగిలించి ఫోన్ తెరిచింది. ఐదు తలలు ఫోన్ మీదికి వంగాయి. ఇంటికి రావడం, అక్కడే చుట్లు తిరగడం, మోటారు ఆపేయడం. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించి చెప్పింది.

"మోటారు ఆపీడమంటే?"

"పడిపోద్ది."

"అదీ," అంది ముసలమ్మ. "పడిపోమను. పడిపోనాదంటే అబద్దం ఆడనేదు. సూటిగా ఎల్లినా, సుట్లు తిరిగినా నువ్వున్నావని తెలుసు. నువ్వు లేకపోతే అది పైన ఉండకూడదు."

"రెక్క ఇరుగుతాదత్తా. పతీసారీ మల్లీ కట్టాలి."

"కట్టు."

బొడ్డమ్మకు ఏమీ వినపడలేదు. ఏంటని చేత్తో అడిగింది. కళ్యాణి అరచేయి విమానంలా గాలిలో నడిపి, టక్కున ఒళ్లోకి పడేసింది.

బొడ్డమ్మ కాసేపు ఆ చేతినే చూసింది. "మరి మా నెత్తిన పడితేనో?"

"పడనీ ఒదినా," అంది ముసలమ్మ, ఆమె ముఖానికి దగ్గరగా వంగి. "దానికి గోల్లు లేవు."

కళ్యాణి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఎవరూ దాన్ని అందుకోలేదు.

శ్రావణి మూడోదాని మీద, మోటారు ఆపేయడం మీద వేలు పెట్టింది. మార్చమంటావా అని ఫోన్ అడిగింది. ఆమె వేలు చెమటకు జారింది. ఫోన్ మళ్లీ అడిగింది. ఐదుగురూ చూస్తుండగా, నేలమీది పొడి ఇసుకతో వేలు తుడుచుకుని, మళ్లీ నొక్కింది.